కరెంటు రేటు పావుగంటకోసారి మారుతుంటే మోడల్ పూటంతా ఆలోచిస్తే ఎలా?

వెనక వరసల్లో వాళ్ళకి వినబడుతోందా? సరే. ఫ్యాను కింద కూర్చున్నవాళ్ళు మొదటి పది నిమిషాలు మెలకువగా ఉండండి చాలు, ఆ తర్వాత కునుకు తీసినా నేనేం అనుకోను.

నాకిచ్చిన సబ్జెక్టు పేరు చాలా పొడుగ్గా ఉంది. ప్లాంటుల్లో రియల్ టైమ్ ఆప్టిమైజేషన్‌కీ షెడ్యూలింగ్‌కీ పనికొచ్చే ఫాస్ట్ ప్రాసెస్ మోడల్స్ అట. మోడల్ అంటే ప్లాంటు ఎలా నడుస్తుందో లెక్కల్లో రాసుకున్న నమూనా. ఇంత పేరున్న దాన్ని మొత్తం చెప్పాలంటే సాయంత్రం అయిపోతుంది కాబట్టి నేను ఒక్క ప్లాంటునే పట్టుకుని చెప్తాను. గాలిని విడగొట్టే ప్లాంటు. పుస్తకాల్లో ఎయిర్ సెపరేషన్ యూనిట్ అంటారు, స్టీల్ ప్లాంటులో మాత్రం అందరూ ఆక్సిజన్ ప్లాంటు అనే అంటారు. విశాఖపట్నం వాళ్ళు ఇక్కడ ఉంటే చిన్నప్పట్నించీ విన్న మాటే ఇది.

ఇందులో ముడిసరుకు గాలి, అది ఉచితం. కాబట్టి ఖర్చంతా కరెంటే అనుకోండి దాదాపుగా. పెద్ద కంప్రెసర్ గాలిని పీల్చి అయిదారు బార్ల ప్రెషర్ దాకా నొక్కుతుంది, మాలిక్యులర్ సీవ్ అనే పూసల పొరలో తేమా కార్బన్ డయాక్సైడూ ఆగిపోతాయి (లేకపోతే లోపల గడ్డకట్టి గొట్టాలు మూసుకుపోతాయి), తర్వాత దాన్ని బాగా చల్లబరిచి కాలమ్‌లోకి, అంటే మరిగే ఉష్ణోగ్రతల తేడాని బట్టి గ్యాసుల్ని విడగొట్టే పొడుగాటి గోపురంలోకి పంపుతాం. నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ఆక్సిజన్ మైనస్ 183, వాటి మధ్యలో మైనస్ 186 దగ్గర ఆర్గాన్. గాలిలో ఆర్గాన్ ఒక శాతం కూడా ఉండదు, 0.93. కానీ ఈ రోజు నేను చెప్పే గొడవలో సగం దానిదే.

ఇప్పుడు ఈ ఆక్సిజన్ని ఎవరు వాడతారో చూడండి. ఎల్‌డీ కన్వర్టర్ అని పెద్ద కుండ లాంటిది ఉంటుంది, అందులో కరిగిన ఇనుము పోసి, పైనుంచి లాన్స్ అనే గొట్టం దింపి పావుగంటో ఇరవై నిమిషాలో ఆక్సిజన్ ఊదుతారు. ఊదడం ఆపేశాక శాంపిల్ తీస్తారు, ఉక్కు ఒంపుతారు, స్లాగ్ ఒంపుతారు, మళ్ళీ నింపుతారు. అంటే వాడకం ఒక్కసారిగా ఎగిసి ఒక్కసారిగా పడిపోతుంది. మన ప్లాంటేమో కదలాలంటే బద్ధకించే ఏనుగు. మధ్యలో కొన్ని గ్యాస్ వెసెల్స్ పెట్టి సర్దుతాం. వరసగా రెండు కన్వర్టర్లు ఆగాయనుకోండి, వెసెల్‌లో ప్రెషర్ పెరిగిపోతుంది, చేసేదేం ఉండదు, వెంట్ తెరుస్తాం. బోలెడు కరెంటు పెట్టి గాలిలోంచి తీసిన ఆక్సిజన్ని మళ్ళీ అదే గాలిలోకి వదిలేస్తాం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ వెంట్ చప్పుడు విని ఏదో పేలిందనుకుని పరిగెత్తాను. పేలింది ఏమీ లేదు, డబ్బులు పోతున్న చప్పుడు అది.

ఇటు వాడకం ఇలా ఉంటే, అటు కరెంటు రేటు కూడా నిలకడగా ఉండటం మానేసింది. మన దేశంలో పవర్ ఎక్స్చేంజ్‌లో రోజుని 96 ముక్కలు చేస్తారు, ఒక్కో ముక్క పావుగంట, ఒక్కో పావుగంటకీ ఒక రేటు. 2020 జూన్ 1 నుంచి రియల్ టైమ్ మార్కెట్ కూడా వచ్చింది, దాంట్లో అరగంటకోసారి వేలం జరుగుతుంది. ఎక్స్చేంజ్‌కి వెళ్ళని వాళ్ళకీ తప్పలేదు, 2023లో కేంద్రం సవరించిన నిబంధనల ప్రకారం పరిశ్రమలకి ఎండ ఉన్న వేళల్లో రేటు మామూలు కన్నా కనీసం 20 శాతం తక్కువ ఉండాలి, పీక్ వేళల్లో కనీసం 1.2 రెట్లు ఉండాలి. మధ్యాహ్నం సోలార్ వల్ల చవక, చీకటి పడగానే ప్రియం. అంటే మధ్యాహ్నం ప్లాంటుని లోడు పెంచి నడిపి లిక్విడ్ ఆక్సిజన్ చేసి ట్యాంకులో దాచుకుని, సాయంత్రం లోడు తగ్గించి ఆ లిక్విడ్‌ని ఆవిరి చేసి వాడుకుంటే లాభం. ఒక లీటరు లిక్విడ్ విప్పితే 860 లీటర్ల దాకా గ్యాస్ వస్తుంది. ధాన్యం ధర పడినప్పుడు కొని గాదెలో పోసుకున్నట్టే, కొత్త ఆలోచనేమీ కాదు.

వినడానికి ఎంత సుఖంగా ఉందో చూశారా? మరి ఇది అందరూ ఎందుకు చెయ్యట్లేదు అంటే, అక్కడే మోడల్ సంగతి వస్తుంది.

ప్లాంటులో నిర్ణయాలు అంతస్తులు అంతస్తులుగా జరుగుతాయి. పైన ప్లానింగ్, నెలకి ఎంత చెయ్యాలి అని. దాని కింద షెడ్యూలింగ్, ఈ మూడు రోజుల్లో ఏ గంటకి ఏం చెయ్యాలి అని. దాని కింద రియల్ టైమ్ ఆప్టిమైజేషన్, మేం ఆర్‌టీఓ అంటాం, ఇప్పుడున్న పరిస్థితిలో ఏ సెట్ పాయింట్లు, అంటే ఏ కొలతని ఎంత దగ్గర నిలబెడితే, లాభం అని చూస్తుంది. దాని కింద ఎంపీసీ, అంటే మోడల్ ప్రెడిక్టివ్ కంట్రోల్, నిమిషానికోసారి ఆ సెట్ పాయింట్ల వైపు ప్లాంటుని నడిపేది. అట్టడుగున పీఐడీ లూపులు, ఒక్కో వాల్వునీ పట్టుకుని ఒక్కో కొలతని నిలబెట్టేవి. ఒక్కో అంతస్తు ఒక్కో కాలంలో కట్టారు. 1947లో డాంట్‌జిగ్, హద్దుల మధ్య అన్నిటికన్నా లాభమైన కలయిక వెతికే లీనియర్ ప్రోగ్రామింగ్ లెక్కకి సింప్లెక్స్ పద్ధతి కనిపెట్టాక, 1952కల్లా విమానాల పెట్రోలు కలపడానికి ఆ లెక్క వాడొచ్చని చార్న్స్, కూపర్, మెలన్ పేపరు రాసేశారు. షెల్ ఆయిల్ కంపెనీలో కట్లర్, రమేకర్ ఎంపీసీకి తొలిరూపాల్లో ఒకటైన డైనమిక్ మాట్రిక్స్ కంట్రోల్ గురించి బయటికి చెప్పింది 1979లో. పై అంతస్తు వాళ్ళు కట్టుకున్న మోడల్‌కీ కింది అంతస్తు వాళ్ళ మోడల్‌కీ మధ్య ముప్ఫై ఏళ్ళ దూరం ఉంది, భాష కూడా వేరే. పై మోడల్‌కి టైమే తెలీదు. కింది మోడల్‌కి డబ్బు తెలీదు. నన్నడిగితే ఈ ఫీల్డులో కష్టాలన్నీ ఈ ఒక్క ముక్కలోనే ఉన్నాయి.

ఆర్‌టీఓ సంగతే తీసుకోండి. మామూలు ఆర్‌టీఓలో ఉండేది స్టెడీ స్టేట్ మోడల్, అంటే ప్లాంటు కదలకుండా నిలబడి ఉన్నప్పుడే దానికి అర్థమవుతుంది. కాబట్టి ముందు ప్లాంటు నిలకడగా ఉందా అని చూస్తుంది, ఉంటే కొలతలన్నీ ఒకదానితో ఒకటి సరిపోయేలా సర్దుకుంటుంది, అప్పుడు లెక్క మొదలుపెడుతుంది. రోజంతా లోడు మారే ప్లాంటు ఎప్పుడు నిలబడుతుందండీ? రిఫైనరీలో క్రూడ్ ఆయిల్ మార్చిన ప్రతిసారీ సర్దుకోవడానికే గంటలు పడుతుంది, సర్దుకునేలోపు ఇంకేదో మారుతుంది. నేను చూసిన ఒక చోట, పేరెందుకు లెండి, ఖర్చుపెట్టి పెట్టించుకున్న ఆర్‌టీఓ అమావాస్యకో పున్నానికో ఒకసారి నడిచేది. మిగతా రోజుల్లో స్క్రీను మీద "స్టెడీ స్టేట్ కోసం ఎదురుచూస్తున్నాను" అని పసుపు రంగులో వెలుగుతూ ఉండేది, దాన్ని చూసి షిఫ్టులో వాళ్ళు "పెళ్ళికొడుకు కోసం చూస్తోంది" అనేవాళ్ళు. (నవ్వులు)

సరే, స్టెడీ స్టేట్ మోడల్‌తోనే షెడ్యూల్ వేశామనుకుందాం. మధ్యాహ్నం లోడు 100 శాతం, సాయంత్రం ఆరింటికి 75. మోడల్ని అడిగితే 100 దగ్గర ప్యూరిటీ బాగుంది అంటుంది, 75 దగ్గర కూడా బాగుంది అంటుంది. రెండూ నిజమే. ఈ ఊరూ బాగుంది, ఆ ఊరూ బాగుంది, మధ్యలో వంతెన లేదని మాత్రం చెప్పదు.

ఆ లేని వంతెన ఏంటో కాస్త దగ్గర్నించి చూపిస్తాను, ఎందుకంటే ఇది ఒక్కటి అర్థమైతే మిగతాదంతా తేలిక. ప్లాంటులోని పెద్ద కాలమ్, తక్కువ ప్రెషర్ కాలమ్ అంటాం, దాని మధ్యలో ఒకచోట ఆర్గాన్ పోగవుతుంది, పదిశాతం చుట్టుపక్కల. అక్కణ్ణించి ఆవిరిని పక్కకి తీసి ఆర్గాన్ కాలమ్‌లోకి పంపుతాం. ఆర్గాన్‌కీ ఆక్సిజన్‌కీ మరిగే చోట తేడా మూడు డిగ్రీలే కాబట్టి ఆ కాలమ్ చాలా పొడుగు, ఆక్సిజన్ లేని ఆర్గాన్ కావాలంటే నూట యాభైకి పైగా స్టేజీలు, అంటే ఆవిరీ ద్రవమూ కలిసి విడిపోయే మెట్లు. దాని నెత్తిమీద ఒక కండెన్సర్. ఆ కండెన్సర్ పనిచేసేది చాలా చిన్న ఉష్ణోగ్రత తేడా మీద. ఇప్పుడు లోడు గబగబా మార్చారనుకోండి, పెద్ద కాలమ్‌లో నైట్రోజన్ ఉండాల్సిన చోటు నుంచి కిందకి జారి, మనం ఆవిరి తీసే చోటుదాకా వస్తుంది. కొద్దిగా వచ్చినా చాలు. ఆ నైట్రోజన్ కండెన్సర్‌లో పోగై ఉష్ణోగ్రత తేడాని మింగేస్తుంది, కండెన్సర్ ద్రవం చెయ్యడం ఆపేస్తుంది, ఆవిరి పైకి రావడం ఆగుతుంది, కాలమ్‌లో పైనుంచి కిందదాకా నిలబడి ఉన్న ద్రవమంతా పట్టు తప్పి దబ్బున కిందకి వచ్చేస్తుంది. ఆర్గాన్ డంప్ అయింది అంటాం. ఆ ద్రవం వెళ్ళి పెద్ద కాలమ్‌లో పడి ఆక్సిజన్ ప్యూరిటీని కూడా చెడగొడుతుంది. మళ్ళీ అంతా సర్దుకోవడానికి ఒక పూట, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. సాయంత్రం కరెంటు మీద మిగిల్చిన డబ్బు పోయింది కదా, పైగా ఆర్గాన్ అమ్మకం కూడా పోయింది.

ఇదంతా పట్టే మోడల్ రాయలేమా అంటే రాయగలం. ప్రతి స్టేజీకి పదార్థం లెక్క, వేడి లెక్క, ఆవిరికీ ద్రవానికీ మధ్య సమతౌల్యం, ఇవన్నీ రాసి, హీట్ ఎక్స్చేంజర్‌ని ముక్కలుగా కోసి కలిపితే వేల సమీకరణాలు. ఆఫీసులో కూర్చుని ఒక్కసారి నడపడానికి ఆ మోడల్ బంగారం. దాన్ని తీసుకెళ్ళి షెడ్యూలింగ్‌లో పెడితే మాత్రం పెళ్ళికెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టే. ఎందుకో చెప్తాను. మూడు రోజుల షెడ్యూల్ అంటే 288 పావుగంటలు. ప్రతి పావుగంటకీ లిక్విఫయర్, అంటే గ్యాస్‌ని లిక్విడ్ చేసే మిషన్, నడపాలా ఆపాలా అన్న ఒక్క ప్రశ్నే ఉందనుకున్నా, మొత్తం దారులు రెండుని 288 సార్లు గుణిస్తే వచ్చినన్ని, అది 87 అంకెల సంఖ్య. అన్నీ చూడనక్కర్లేదు లెండి, సాల్వర్లు, అంటే ఈ లెక్క విప్పే ప్రోగ్రాములు, తెలివైనవి, కొమ్మలకి కొమ్మలు నరికేస్తాయి. అయినా వేల సార్లు మోడల్ని అడగాల్సిందే. అడిగిన ప్రతిసారీ ఆయన అరనిమిషం ఆలోచిస్తానంటే, జవాబు వచ్చేసరికి సాయంత్రం పీక్ దాటిపోయి జనం అన్నాలు తిని పడుకుంటారు.

కాబట్టి మోడల్‌ని చిన్నది చెయ్యాలి. అసలు ప్రశ్న ఏది వదలాలి, ఏది వదలకూడదు అన్నది. ఇక్కడ భద్రాచలం గుర్తుతెచ్చుకోండి. గోదారికి వరదొస్తే టీవీలో ఏం చెప్తారు? 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అంత నదిని, అన్ని ఉపనదుల్ని, కలెక్టరు నిర్ణయం తీసుకోవడానికి ఒక్క అంకెలో పెట్టేశారు. ఆ అంకె నది మొత్తాన్ని వర్ణించదు, ఏ ఊరు ఖాళీ చేయించాలో చెప్తుంది, అంతే కావాలి. మన కాలమ్‌లో కూడా అలాంటిదే జరుగుతుంది. లోపల పైనుంచి కిందకి నైట్రోజన్ ఎంతుందో గీస్తే, ఒకచోట నిటారుగా పడిపోయే గీత వస్తుంది, లోడు మార్చినప్పుడు ఆ గీత తన ఆకారం పెద్దగా చెడకుండా అల లాగా పైకీ కిందకీ జరుగుతుంది. అందుకని వంద స్టేజీల్లో వంద అంకెలు మొయ్యడం మానేసి ఆ అల ఎక్కడుందో ఒక్క అంకె మోస్తే చాలు. వేవ్ మోడల్ అంటారు దీన్ని. ఇంకో దారి, కొన్ని స్టేజీల్ని కలిపి ఒక గదిగా చూడటం, బెనల్లూ, సీబోర్గ్, మెల్లిచాంప్ 1986లో రాసిన కంపార్ట్‌మెంట్ పద్ధతి. పాతదే, కానీ ఇప్పటికీ నాకు దీని మీదే మక్కువ, ఎందుకంటే లోపల పదార్థం లెక్క తప్పదు. తప్పు చెప్పినా గాలిలోంచి ఆక్సిజన్ పుట్టించదు. (నవ్వులు) అంటే, మన ప్లాంటు చేసే పనే అదనుకోండి, నా ఉద్దేశం మీకు అర్థమైంది కదా.

మూడో దారి, లోపల ఏముందో పట్టించుకోకుండా బయట నుంచి చూసి రాసేది. హామర్‌స్టైన్, వీనర్ అని ఇద్దరి పేర్లు కలిపి పిలుస్తారు. వంకర, నిదానం, వంకర అని గుర్తుపెట్టుకోండి. ముందు సెట్ పాయింట్‌ని ఒక వంకర గీతలోంచి పంపుతారు, తర్వాత లీనియర్‌గా నిదానంగా కదిలే భాగం, చివర మళ్ళీ వంకర గీత. లెక్క చాలా తేలిక, సాల్వరు దీన్ని నమిలి మింగేస్తుంది. ఆస్టిన్‌లో టెక్సస్ యూనివర్సిటీలో మైకేల్ బాల్డియా, ఆయనతో పనిచేసినవాళ్ళు 2016లో ఈ పద్ధతితోనే ఎయిర్ సెపరేషన్ ప్లాంటుని కరెంటు ధరలకి అనుగుణంగా షెడ్యూల్ చెయ్యడం చూపించారు. అందులో నాకు నచ్చింది లెక్క కాదు, వాళ్ళు మోడల్‌లో ఏం పెట్టారన్నది. కంట్రోలర్లతో కలిపి ప్లాంటు ఎలా కదులుతుందో అదే నేర్పించారు, అదీ షెడ్యూల్‌కి అడ్డుపడే కొలతలకి మాత్రమే: ప్యూరిటీ, కాలమ్ అడుగున ద్రవాన్ని మరిగించే రీబాయిలర్‌లో మట్టం, కాలమ్ ఫ్లడింగ్‌కి, అంటే ద్రవం కిందకి దిగలేక నిండిపోవడానికి, ఎంత దూరంలో ఉంది, అలాంటివి. మిగతా వేల అంకెలకి సెలవు.

ఇక న్యూరల్ నెట్‌వర్కులు, పాత డేటా చూసి తమంతట తామే గీత నేర్చుకునేవి. మీలో సగం మంది దానికోసమే వచ్చారని నాకు తెలుసు. వాడొచ్చు. రెలూ అనే రకం వాడితే ఆ నెట్‌వర్కునంతా మిక్స్‌డ్ ఇంటీజర్ లెక్కగా, అంటే అవును-కాదు నిర్ణయాలూ మామూలు అంకెలూ కలిసిన లెక్కగా మార్చి షెడ్యూల్లో కూర్చోబెట్టొచ్చు, ఒక్కో న్యూరాన్‌కి ఒక సున్నా-ఒకటి చలరాశి ఖర్చవుతుంది, 288 పావుగంటలకీ ఆ ఖర్చు పెట్టాలి, అందుకే నెట్‌వర్కు చిన్నది ఉండాలి. నేను చెప్పదలచుకుంది అది కాదు. నేను దీంతో ఎలా పరువు తీసుకున్నానో చెప్తాను.

ఒక ప్లాంటులో, అప్పటికి నాకు కాస్త పేరొచ్చింది, కాస్త పొగరు కూడా వచ్చింది. పెద్ద కంప్రెసర్ ఎంత కరెంటు తింటుందో పాత డేటా మీద ఒక నెట్‌వర్కు నేర్పించాం. చాలా బాగా నేర్చుకుంది, తప్పు ఒక శాతం కూడా లేదు, స్లైడ్ల మీద గ్రాఫులు చూసి అందరూ చప్పట్లు కొట్టారు. ఆప్టిమైజర్‌కి తగిలించాం. మొదటి రోజు సాయంత్రం పీక్‌లో అది లోడుని 65కి తగ్గించమంది. తగ్గిస్తే కరెంటు మూడో వంతు పైనే ఆదా అవుతుందని లెక్క చూపించింది. సరే అని తగ్గించారు. కరెంటు కొంతదాకా తగ్గి, ఆ తర్వాత కదల్లేదు. కాసేపు చూశాం, మీటరు తప్పేమో అనుకున్నాం. అప్పుడు కంట్రోల్ బోర్డు దగ్గర డ్యూటీలో ఉన్న పెద్దాయన, రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్నారు, నా వైపు కుర్చీ తిప్పి, "బాబూ, మీ కంప్యూటరు గాలిని గుండ్రంగా తిప్పుతోంది" అన్నారు.

విషయం ఏంటంటే, సెంట్రిఫ్యూగల్ కంప్రెసర్లో గాలి ఒక హద్దు కన్నా తగ్గిస్తే సర్జ్ వస్తుంది, గాలి వెనక్కి తన్ని మిషన్ ఊగిపోతుంది. మామూలుగా 70, 75 శాతం దగ్గర ఆ హద్దు ఉంటుంది. అది రాకుండా యాంటీ సర్జ్ వాల్వు తెరుచుకుని ఎక్కువైన గాలిని వెనక్కి తిప్పుతుంది, లేదా బయటికి వదిలేస్తుంది. అంటే ఆ హద్దు కింద మీరు లోడు ఎంత తగ్గించినా మిషన్ తినే కరెంటు తగ్గదు. ఆ ప్లాంటుని అంత తక్కువలో ఎవరూ ఎప్పుడూ నడపలేదు కాబట్టి డేటాలో ఆ మలుపు లేదు, కాబట్టి నెట్‌వర్కు ఉన్న గీతనే కిందకి పొడిగించేసింది. ఇందులో యాదృచ్ఛికం ఏమీ లేదని గమనించండి. ఆప్టిమైజర్ పనే అది. మోడల్ ఎక్కడ అబద్ధం చెప్తోందో, ఎక్కడ లాభం ఉన్నట్టు భ్రమ ఉందో సరిగ్గా అక్కడికే వెళ్తుంది, గోడలో కన్నం ఎక్కడుందో ఎలుకకి చెప్పాలా? సగటున ఒక శాతం తప్పు అన్న మాటకి ఆప్టిమైజేషన్‌లో విలువే లేదు, తప్పు ఎక్కడుందన్నదే విలువ. ఆ తర్వాత డేటా ఉన్న ప్రాంతం దాటి వెళ్ళకుండా కంచె కట్టాం, సర్జ్ మలుపుని తయారీదారు ఇచ్చిన కర్వ్ చూసి చేత్తో రాశాం. చేత్తో రాసిన ఆ రెండు గీతలు నెట్‌వర్కు కన్నా ఎక్కువ పనిచేశాయని చెప్పడానికి నాకేం మొహమాటం లేదు.

దీన్నుంచి నేను నేర్చుకున్నది ఒకటుంది, ఇవాళ అసలు చెప్పాలనుకున్నదీ అదే. ఆప్టిమైజేషన్‌కి వాడే మోడల్ అంకె సరిగ్గా చెప్పక్కర్లేదు, వాలు సరిగ్గా చెప్పాలి. ఇది పెంచితే ఖర్చు పెరుగుతుందా తగ్గుతుందా, ఎంత నిటారుగా, ఎక్కడ ఆగాలి. ప్లాంటు 8 మెగావాట్లు తింటుంటే మోడల్ 8.4 అన్నా నాకు పర్లేదు, రోజంతా అదే 0.4 ఎక్కువ చెప్తే షెడ్యూల్ ఏమీ మారదు. కానీ లోడు పది తగ్గిస్తే ఎంత తగ్గుతుందో తప్పు చెప్తే మునిగిపోతాం. మా కంప్రెసర్ దగ్గర జరిగింది సరిగ్గా అదే, అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి, సర్జ్ హద్దయిన 72 కింద వాలు తప్పు. స్విట్జర్లాండ్‌లోని లోసాన్‌లో డొమినిక్ బోన్విన్ గారి బృందం 2009లో మాడిఫయర్ అడాప్టేషన్ అని ఒక పద్ధతి పెట్టింది, మోడల్ని బాగుచెయ్యడం మానేసి ప్లాంటులో కొలిచిన వాలుకీ మోడల్ చెప్పిన వాలుకీ తేడాని లెక్కలో కలిపేస్తారు. చక్కటి ఆలోచన. చిక్కేంటంటే వాలు కొలవాలంటే ప్లాంటుని అటూ ఇటూ కొంచెం కదపాలి, ప్రొడక్షన్ వాళ్ళు దానికి ఒప్పుకోవాలి, ఒప్పుకోరు. పోతే, స్టెడీ స్టేట్ కోసం ఎదురుచూడటం అనే బాధకి నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో స్కోగెస్టాడ్ వాళ్ళు 2018లో ఒక మధ్యేమార్గం చెప్పారు: మోడల్ని సరిదిద్దుకోవడం కదిలే డేటాతోనే చేసెయ్యి, ఆప్టిమైజేషన్ మాత్రం నిలకడ మోడల్‌తో చెయ్యి. మా పెళ్ళికూతురికి అది ముందే తెలిసుంటే బాగుండేది.

టైము గురించి చెప్పి ముగిస్తాను. పావుగంట అంటే నిజంగా పావుగంట దొరకదు. కొలతలు తెచ్చుకుని, పనికిమాలినవి ఏరేసి, కాలమ్ లోపల ఇప్పుడు ఏముందో అంచనా కట్టడానికి రెండు మూడు నిమిషాలు. ఆపరేటరు చూసి సరే అనడానికి కొంత. మిగిలిన అయిదారు నిమిషాల్లో సాల్వరు పని. ఇక్కడ కొత్తవాళ్ళు చేసే తప్పు, ఇదే పరమోత్తమం అని రుజువయ్యేదాకా సాల్వర్ని నడపడం. నాలుగో నిమిషంలో పరమోత్తమానికి రెండు శాతం లోపు దూరంలో వచ్చిన షెడ్యూల్ చాలు, ఎందుకంటే ఇంకో పది నిమిషాల్లో కన్వర్టర్ దగ్గర ఎవరో ఆక్సిజన్ ఊదడం ఆలస్యం చేస్తారు, మీరు రుజువు చేసిన పరమోత్తమం అప్పుడు చిత్తుకాగితం. పోయిన పావుగంట షెడ్యూల్‌నే ఒక గడి జరిపి దాన్నుంచి మొదలుపెట్టండి, సగం పని తగ్గుతుంది.

ఇంకొకటి, మోడల్‌నీ దాని మీద పెట్టే లక్ష్యాన్నీ విడిగా ఉంచండి. 2021 ఏప్రిల్ గుర్తుందా, దేశమంతా ఆక్సిజన్ కోసం అల్లాడుతున్నప్పుడు మొట్టమొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ విశాఖలో లిక్విడ్ నింపుకుని మహారాష్ట్రకి వెళ్ళింది. అలాంటి రోజు కరెంటు బిల్లు ఎవరడుగుతారు? ప్రశ్న ఒక్కటే, గ్యాస్ తగ్గించి లిక్విడ్ ఎంత తియ్యగలం, అందుకు కావలసిన చల్లదనం మిషన్లు ఎంతవరకు ఇవ్వగలవు. ప్లాంటు ఎలా కదులుతుందో చెప్పే మోడల్ అదే, లక్ష్యం రాత్రికి రాత్రి మారుతుంది. ఖర్చులన్నీ మోడల్ లోపల కలిపి వండేసిన వాళ్ళు ఆ రోజు ఏమీ అడగలేరు.

ప్రశ్నలుంటే అడగండి. ఆ, నీలం చొక్కా, చెప్పు నాన్నా.

"సార్, మరి పూర్తి మోడల్ రాయడం దండగేనా?"

కాదు కాదు. చిన్న మోడల్‌కి పాఠం చెప్పేది అదే కదా. ఆర్గాన్ డంప్ అయ్యే డేటా నిజం ప్లాంటులో కావాలంటే ఎవరిస్తారు నీకు? పెద్ద మోడల్‌లో వందసార్లు డంప్ చేయించి, ఎంత వేగంగా లోడు మారిస్తే అల ఎక్కడిదాకా జారుతుందో చూసి, దాన్ని చిన్నదానికి నేర్పాలి. మా దగ్గర సరదా ఏంటంటే, అంతా చేసి లెక్క తేల్చాక, లోడు మార్చే వేగానికి వచ్చిన హద్దు, కంట్రోల్ రూములో బోర్డు పక్కన ఎవరో స్కెచ్ పెన్నుతో రాసి అంటించిన కాగితం మీద ఉన్న హద్దు, దాదాపు ఒకటే. లోడు తగ్గేటప్పుడు మాత్రం మా లెక్క కొంచెం ఎక్కువ వేగం ఇచ్చింది.

ఇంకెవరు? ఆ అమ్మాయి.

"ఆపరేటర్లు దీన్ని ఆఫ్ చేసెయ్యరా సార్?"

చేశారు, మొదటి వారమే చేశారు. నేను కోపం తెచ్చుకుని వెళ్ళాను. ఆ పెద్దాయనే, "బాబూ, అది 82 అంటుంది, ఎందుకో చెప్పదు, మరి పొద్దున మేనేజరు నన్నడిగితే నేనేం చెప్పను?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. తర్వాత స్క్రీను కింద ఒక్క లైను కలిపాం, ఈ క్షణాన షెడ్యూల్‌ని ఏ హద్దు ఆపుతోందో తెలుగులో రాసి చూపించేలా. "ఆర్గాన్ వైపు నైట్రోజన్ జారుతోంది, అందుకే ఇంతకన్నా తగ్గించట్లేదు" అని వచ్చేది. ఆయన దాన్ని రెండు షిఫ్టులు చూసి, మూడో షిఫ్టులో ఆటో మోడ్‌లో పెట్టి టీ తాగడానికి వెళ్ళారు.